చెప్పుల డబ్బాలో నీలిదీపం

పోయినవారం మనందరం మేనకోడలితో పాటు ఒక చెప్పుల డబ్బాలోకి తల దూర్చి, అక్కడే ఆగిపోయాం. వారమంతా అలాగే వంగి ఉన్నవాళ్ళెవరైనా ఉంటే ముందు మెడ పైకెత్తండి. ఎక్కడున్నామో చెప్తాను.

మేనకోడలు ఒక ప్రయోగశాలలో నీలం గదికి పెద్ద. కరెంటు తగలగానే తనంతట తాను వెలిగే ప్లాస్టిక్కు వండడం అక్కడి పని. పాలిమర్ అంటారు దాన్ని. గాజు మీద పల్చగా పూస్తే టీవీ తెర అవుతుంది, ఫోను తెర అవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ బుద్ధిమంతులు. తెరలోకి వెళ్ళి ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా కాపురం చేస్తాయి. నీలం మాత్రం కొత్తల్లుడి బాపతు. పొద్దున నీలంగా కూర్చుంటుంది, భోజనాల వేళకి అలిగి ఆకుపచ్చకి తిరుగుతుంది. ఎంతమంది ఎన్ని విధాల బతిమాలినా దాని అలక తీరలేదు. అందుకే వచ్చే సోమవారం పెద్దలు కూర్చుని ఆ గది ఉంచాలో మూయాలో తేల్చేస్తారు.

గది సర్దుతుంటే, పాత బల్ల వెనక గోరంత గాజుబిళ్ళ ఒకటి దొరికింది. ఎప్పటిదో పాత పరీక్ష దీపం. వెనక వజ్రపు మొనతో గీసిన పిట్టబొమ్మ. ఆ పిట్ట ఎవరిదో మేనకోడలికి తెలుసు. ఒకప్పుడు ఆ గదిలో వంటంతా ఆమె మేనత్తదే. వండిన ప్రతి సరుకుకీ ఒక బొమ్మ గుర్తు పెట్టేది. ఒకదానికి చేప, ఒకదానికి గొడుగు, ఒకదానికి ఆకు. పిట్ట ఒకే ఒక్క వంటకి. బ్యాటరీ తగిలిస్తే ఆ పిట్ట దీపం వెలిగింది. నీలంగా.

దాన్ని చెప్పుల డబ్బాలో పెట్టుకుని, మేనత్తని వెంటబెట్టుకుని, మేనకోడలు ఇవాళ పొద్దున్నే వచ్చిన ఇల్లు పూత మాస్టారిది. మేనత్త వండిన సరుకుని గాజు మీద పూసింది ఆయనే. వాళ్ళిద్దరికీ మాటల్లేక ఎంతకాలమైందంటే, అప్పట్లో నాటిన మొక్కలు ఇప్పుడు కలపకి పనికొస్తాయి. అదీ సంగతి. ఇక పదండి లోపలికి.

ముందుగది చిన్నది. రెండు కుర్చీలు, ఒక బల్ల, కిటికీ పక్కన ఇనుప అలమరా. మేనత్త కుర్చీ అంచున కూర్చుంది, ఎప్పుడు లేవాల్సి వస్తుందో అన్నట్టు. మాస్టారు ఎదుటి కుర్చీలో. మధ్యన బల్ల, బల్ల మీద డబ్బా. మూతకి ఒక కన్ను పట్టేంత బెజ్జం. ఎండలో అంత చిన్న దీపం కనపడదు కనుక చూడాలంటే ఆ బెజ్జంలోంచే చూడాలి.

"ఆయన్ని అడగవే, ఈ దీపం ఆయన పూసిందేనా అని," అంది మేనత్త.

ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాడు.

మేనకోడలు అటు తిరిగేలోపే, "నేను పూసిందేనని చెప్పమ్మా మీ అత్తయ్యకి," అన్నాడు మాస్టారు. "గీత కూడా నాదే. పిట్ట తోక కాస్త వంకరపోయింది. చెయ్యి వణికింది ఆ రోజు."

"ఎందుకు వణికిందో అడుగు."

"చలికని చెప్పు."

"అది ఎండాకాలమని చెప్పు."

టీ కప్పులు తెస్తున్న మాస్టారి కోడలు గుమ్మంలోనే ఆగి నవ్వాపుకుంది. మేనకోడలు రెండు చేతులూ ఎత్తేసింది. "అత్తా! మాస్టారూ! నేను మనిషినా, టెలిఫోను తీగనా? మీ ఇద్దరి మధ్య ఇలా సాగుతూ కూర్చుంటే సోమవారం వచ్చేస్తుంది."

"తీగవే," అంది మేనత్త. "ఊరికే ఉండు, తెగిపోతావు."

మేనకోడలు బెజ్జానికి కన్ను ఆనించింది. నీలమే. ఆ నీలాన్ని ఎలా చెప్పను? మా చిన్నప్పుడు ఒకాయన బడి ముందు సిరా అమ్మేవాడు. ఆయన సిరా ఎంత నీలమంటే, దాంతో పరీక్ష రాసిన కుర్రాడు ఇంటికొచ్చి చెయ్యి కడిగితే బావి నీళ్ళు రంగు మారాయి. ఆ నీళ్ళు తాగిన గేదె నీలం పాలిచ్చింది. ఆ పాలు తోడు పెట్టగా వచ్చిన పెరుగు నేను నా కళ్ళతో చూశాను. నమ్మకపోతే మీ ఇష్టం. అలాంటి నీలం ఉంది డబ్బాలో. పరీక్ష అయిపోయినా వేలి మీద మిగిలిపోయే నీలం.

"నాకొక అనుమానం మాస్టారూ," అంది మేనకోడలు తలెత్తి. "ఇన్నేళ్ళూ దీనికి కరెంటే తగల్లేదు. తొడగని చెప్పులు అరగవు కదా. అందుకే బతికిందేమో. సరుకు గొప్పతనం కాదేమో."

"అనుమానం మంచిదేనమ్మా. మన నీలం ఎప్పుడు తిరుగుతుంది?"

"భోజనాల వేళకి."

"మరింకేం? భోజనాల వేళ దాకా వెలగనిద్దాం. నీలంగానే ఉంటే సరుకు వేరు. తిరిగిందా, మీ గదికి తాళం నేనే కొనిస్తాను."

ఆయన నవ్వాడు గాని మేనకోడలు నవ్వలేదు. ఆ గదిలో ఆమె కూడా పదేళ్ళు పోగొట్టుకుంది. డబ్బా మూత జారకుండా అతికిద్దామని, "టేపేమైనా ఉంటుందా? ఆ అలమరాలో..." అంటూ లేవబోయింది.

"అయ్యో, దాని జోలికి పోకండి," అంది కోడలు. "ఆ తాళంచెవి మావయ్యగారి జేబులోంచి బయటికి రాదు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆవిడా అడగలేదు. టేపు వంటింట్లో ఉంది, తెస్తానుండండి."

మాస్టారు టీ ఊదుకున్నాడు. అప్పటికే చల్లారిన టీ అది.

మేనకోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది. "అత్తా, ఒక్కటి చెప్పు చాలు. చేప సరుకు ఆకుపచ్చకి తిరిగింది. గొడుగూ తిరిగింది, ఆకూ తిరిగింది. పిట్టకి నువ్వు వేరేగా ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు. అదే వంట, అదే గిన్నె."

"అదే గిన్నె అయితే అదే పులుసు రావాలి కదా!"

"నాకు తెలీదన్నానా?"

ఇక్కడ మీకొక ముక్క చెప్పకపోతే కథ ముందుకి నడవదు. పాలిమర్ అంటే గొలుసు. కొక్కేనికి కొక్కెం తగిలించుకుంటూ పోతే అయ్యే పొడవాటి గొలుసు. అన్ని కొక్కేల్లో ఎక్కడో ఒకటి లోపంతో పుట్టిందనుకోండి, గాలి వచ్చి సరిగ్గా అక్కడే కొరుకుతుంది. వెలుగు నీళ్ళలాంటిది, పల్లం ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. ఆ కొరికిన చోటే దానికి పల్లం. గొలుసంతా పుట్టిన వెలుగు జారుకుంటూ అక్కడికే పోయి, నీలంగా రావలసింది ఆకుపచ్చగా బయటికొస్తుంది. ఊరంతా మంచివాళ్ళే, ఒక్కడి నోటి వల్ల ఊరికి చెడ్డపేరు వచ్చినట్టు.

కాబట్టి గొలుసు అల్లకముందే కొక్కేలని శుభ్రం చేసుకోవాలి. వేడి ద్రవంలో కరిగించి, నెమ్మదిగా చల్లారనిస్తే తెల్లటి సూదుల్లా స్ఫటికాలు కడతాయి. లోపం ఉన్నవి ద్రవంలోనే మిగిలిపోతాయి. ద్రవం పారబోసి సూదులు తీసుకోవడమే. ఈ పనిలో మేనత్తది ఎంత చెయ్యంటే, ఆ రోజుల్లో అందరూ ఆమెని స్ఫటికాలమ్మ అనే పిలిచేవారు. సొంత పేరుతో పిలిస్తే పలికేది కాదట.

"మాస్టారూ, మీరైనా చెప్పండి," అంది మేనకోడలు. "పిట్ట సరుకు గురించి మీకేం గుర్తుంది?"

మాస్టారు కిటికీ వైపు చూశాడు.

"ఆలస్యం," అన్నాడు.

మేనత్త కప్పు సాసరులో టక్కుమంది.

"అప్పట్లో మాకొక పద్ధతుండేదమ్మా. వంటగది వాళ్ళు పూత గదిలోకి రాకూడదు, దుమ్ము. పూత వాళ్ళు వంటగదిలోకి పోకూడదు, ఘాటు. సరుకు చేతులు మారేది గుమ్మం దగ్గర. వండిన మనిషే తెచ్చి, పూసే మనిషి చేతిలోనే పెట్టాలి. మధ్యలో ఇంకొకరి చెయ్యి పడకూడదు. రోజూ సాయంత్రం ఎండ ఆ గుమ్మంలో ఏటవాలుగా పడేది. నేను పోయి ఇవతల నిలబడేవాణ్ణి. 'అయిందా?' అనేవాణ్ణి. అవతల్నించి, 'కాలేదు, రేపు,' అనేవారు. మర్నాడు పోయేవాణ్ణి. 'కాలేదు, రేపు.' తక్కిన సరుకులన్నీ చెప్పిన రోజుకి వచ్చేవి. పిట్ట మాత్రం నా చెప్పులు అరిగిపోయాక వచ్చింది."

"మరి పెద్దలు ఊరుకున్నారా?"

"వాళ్ళు నన్ను తిట్టేవారు. నేను తల గోక్కునేవాణ్ణి. వంట ఎప్పుడవుతుందని వంటమనిషి మీద అరిస్తే పప్పు ఉడుకుతుందా?"

మేనకోడలు మేనత్త వైపు తిరిగింది. మొహంలో వెలుగొచ్చింది, వేటగాడికి అడుగుజాడ దొరికినప్పుడు వచ్చే వెలుగు. "ఎందుకు ఆలస్యమైందత్తా?"

"గుర్తులేదు."

"కొక్కేలు శుభ్రం కాలేదా?"

"మొదటిసారికే అయ్యాయి. పరీక్షలో నెగ్గాయి కూడా."

"మరి?"

మేనత్త పైటకొంగు మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"మళ్ళీ కరిగించాను."

"ఎందుకు?"

"మళ్ళీ కట్టాయి. మళ్ళీ కరిగించాను."

"అదే, ఎందుకని? శుభ్రంగా ఉన్నదాన్ని మళ్ళీ మళ్ళీ కరిగిస్తారా ఎవరైనా? ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"అత్తా, ఇది ఊసుపోక అడగడం కాదు. నా గదిలో ఆరుగురు పిల్లలు పనిచేస్తున్నారు. సోమవారం నేను వాళ్ళకేం చెప్పాలి? ఒకసారి కడితే చాలని పద్ధతిలో ఉంది. అందరం ఒక్కసారే కట్టాం, ఇన్నేళ్ళూ. నువ్వు పద్ధతి దాటావు, ఒకే ఒక్కసారి. ఊరికే దాటవు నువ్వు, పిల్లి ఎదురొచ్చినా దారి మార్చని మనిషివి. కారణం చెప్పు."

టేపు పట్టుకొచ్చిన కోడలు దాన్ని ఇవ్వడం మర్చిపోయి గోడకి ఆనుకుని నిలబడింది. మాస్టారు తన అరచేతిలోకి చూసుకుంటున్నాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు.

మేనత్తకి డెబ్భై దాటాయి. ప్రయోగశాలలో ఎంత ఘాటులోనైనా కళ్ళ నీళ్ళు పెట్టుకోని మనిషి. ఇప్పుడు కూడా పెట్టుకోలేదు. చెవులు మాత్రం, పదహారేళ్ళ పిల్లకి ఎర్రబడినట్టు, ఎర్రగా కందిపోయాయి.

"అయిందని చెప్తే సరుకు తీసుకుని వెళ్ళిపోతారు," అంది. "కాలేదంటే మర్నాడు మళ్ళీ వస్తారు."

మేనత్త తన కప్పుని పక్కకి జరిపింది.

"మొదటిసారే కట్టిన సూదులు చూసి ఏమనుకున్నానో తెలుసా? అప్పుడే అయిపోయిందే అనుకున్నాను. గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. కాలేదని నోటికొచ్చేసింది. అబద్ధం చెప్పడం నాకు రాదు కదా, అందుకని లోపలికి పోయి నిజంగానే కరిగించేశాను. మర్నాడు మళ్ళీ అంతే. అది శుభ్రం చెయ్యడం అనుకోలేదే నేను. ఆలస్యం చెయ్యడం అనుకున్నాను."

మేనకోడలు అడగకూడనిదే అడిగింది. "తర్వాతి సరుకులకి ఎందుకు చెయ్యలేదు మరి?"

"ఆ పద్ధతి తీసేశారు. గుమ్మం దగ్గర తోపుడు బండి పెట్టారు, గంట కట్టి. సీసా బండిలో పెట్టి గంట కొడితే అవతల ఎవరో లాక్కుపోయేవారు. తోపుడు బండి కోసం ఎవరైనా ఆలస్యం చేస్తారటే?"

కోడలి చేతిలోంచి టేపు జారి, దొర్లుకుంటూ వెళ్ళి అలమరా కింద దూరింది.

నవ్వాలో ఏడవాలో తెలియని చోటుకి వచ్చింది మేనకోడలు. దేశదేశాల వాళ్ళు తలలు బాదుకున్న నీలం రహస్యం ఇదా? ఒక మనిషి ఇంకొక మనిషిని మళ్ళీ చూడాలనుకుని చేసిన జాప్యమా? సోమవారం పెద్దల ముందు నిలబడి ఏమని చెప్పాలి? అయ్యా, లోపం పద్ధతిలో లేదు, బండిలో ఉంది!

"అయితే ఆ సభలో..." అని ఆగింది.

ఆ సభ సంగతి మొదటి భాగాల్లోనే చదివారు మీరు. బండి వచ్చాక సరుకులు వరసగా ఆకుపచ్చకి తిరిగాయి. తప్పెవరిదని పెద్దలు అడిగారు. సరుకులోనే మురికి ఉందని మాస్టారు లేచి చెప్పాడు. పూత పెట్టెలోకే గాలి దూరుతోందని మేనత్త చెప్పింది. మాటలు ఆగింది ఆ రోజే.

"ఆయన చెప్పిందే నిజం," అంది మేనత్త నెమ్మదిగా. "నేనప్పుడు వేరేగా అనుకున్నాను. పిట్ట బతికింది ఆయన చేతి గుణమనుకున్నాను. తర్వాతవి చచ్చిపోతుంటే, ఈయన మనసు పెట్టి పూయడం మానేశారనుకున్నాను. ఆ కోపమే పెట్టె మీద పెట్టాను."

అని, ఆమె మొట్టమొదటిసారి తీగ మీంచి కాకుండా, సూటిగా ఎదురు కుర్చీ వైపు చూసింది.

"మీ పెట్టెలోకి గాలి దూరలేదు," అంది.

మాస్టారి చెయ్యి జేబు మీదికి పోయింది.

వంటింట్లో కుక్కరు కూత వేసింది. భోజనాల వేళ. అందరి తలలూ ఒక్కసారి డబ్బా వైపు తిరిగాయి.

"నువ్వు చూడవే," అంది మేనత్త. "నా వల్ల కాదు."

మేనకోడలు వంగింది. బెజ్జానికి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, అలాగే ఉండిపోయింది. తలెత్తేసరికి రెప్పలు తడిగా ఉన్నాయి.

"నీలం," అంది. "అంచులో కూడా తిరగలేదు. నీలమే అత్తా!"

ఆమె మేనత్త భుజాలు పట్టుకుని ఊపేసింది. కోడలు, తనకి సంబంధం లేని విషయమే అయినా, చప్పట్లు కొట్టింది. ఇక కావలసిందేముంది? ఎన్నిసార్లయినా కరిగిస్తాం, ఎన్నాళ్ళయినా కడతాం, లోపం ఉన్న కొక్కెం ఒక్కటి మిగలకుండా. సోమవారం ఈ డబ్బా బల్ల మీద పెట్టి, ఒక్కొక్క పెద్దాయన తలనీ వంచి చూపిస్తాను, అంటోంది మేనకోడలు. కారణం అడిగితే మాత్రం ఆలస్యం అమృతమని చెప్తానంది. మేనత్త "నోరు ముయ్యవే" అంటూనే, ఎన్నాళ్ళకో, కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

మాస్టారు లేచాడు.

ఎవరూ గమనించలేదు మొదట. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఇనుప అలమరా తెరిచేదాకా. కోడలు చప్పట్లు ఆపేసింది. పై గూట్లో పాత దుప్పటి మడత. దుప్పటి మడతలో చిన్న గోధుమరంగు సీసా. దాన్ని రెండు చేతుల్లోనూ పట్టుకొచ్చి, చెప్పుల డబ్బా పక్కన పెట్టాడు.

మూత చుట్టూ మైనం. మైనం మీద దారం, మూడు చుట్లు, అడ్డంగా ఒక ముడి. అలా కట్టే మనిషి ఆ ప్రయోగశాలలో ఒక్కరే ఉండేవారు. సీసా మీద వెలిసిపోయిన చీటీ. చీటీ మీద సిరాతో గీసిన పిట్ట. తోక వంకర లేదు.

సీసాలో దూదిపింజెల్లా పాలిమర్, నిండుగా, మెడ దాకా.

మేనత్త వేలు చాచి ఆ ముడిని తాకింది. తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది... పిట్ట సరుకు. నేనిచ్చింది."

"ఆఖరి సాయంత్రం," అన్నాడు మాస్టారు. ఆయన కూడా తీగని వదిలేసి సూటిగా ఆమెకే చెప్తున్నాడు. "మర్నాటి నుంచి బండి వస్తుందని నాకు ముందే తెలుసు. గుమ్మంలో ఇది నా చేతిలో పెట్టారు. ఈసారి అయిందన్నారు. అది విన్నాక దీని మూత తీయబుద్ధి కాలేదండీ. తీస్తే అయిపోతుంది. పూశానని అందరికీ చెప్పాను. పూయలేదు."

మేనకోడలు సీసా చూసింది, మైనం చూసింది, చెక్కుచెదరని ముడి చూసింది. తర్వాత డబ్బా వైపు చూసింది. లోపల దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"మాస్టారూ," అంది. "పిట్ట ఇందులో ఉంటే, మరి అందులో వెలుగుతున్నదేంటి?"

మాస్టారు కుర్చీలోకి ఒరిగాడు. గాజు మీద వంకర తోక గీసిన చెయ్యి మళ్ళీ వణుకుతోంది. ఇప్పుడూ చలి లేదు.

"అది చెప్పడానికే," అన్నాడు మేనత్త వైపు తిరిగి, "మీ ఇంటి గుమ్మం దాకా ఎన్నిసార్లు వచ్చి తిరిగిపోయానో. నేను కూడా లెక్కపెట్టలేదు."